కన్యాశుల్కం: బుచ్చమ్మ బతుకు అలా అవడానికి తప్పెవరిది? సెమినార్ పేపర్ రాయాలి, సాయం చెయ్యండి

బొబ్బిలిపిల్ల:

అందరికీ నమస్కారం. నేను ఎంఏ తెలుగు చదువుతున్నాను, రెండో సెమిస్టర్. వచ్చే సోమవారం నా సెమినార్, టాపిక్ "కన్యాశుల్కంలో తరాల మధ్య ఘర్షణ, పాత్రల బాధ్యత" అని ఇచ్చారు మేడం. గురజాడ అప్పారావుగారి ఈ నాటకం రెండుసార్లు చదివాను, 1909లో వచ్చిన రెండో కూర్పే, మా సిలబస్‌లో అదే ఉంది. మొదటిసారి పడీపడీ నవ్వుకుంటూ చదివేశాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూచుంటే తండ్రి డబ్బు తీసుకుని ముసలాడికిచ్చి చేస్తే చిన్నప్పుడే విధవైపోయిన బుచ్చమ్మ ఉన్న ప్రతి పేజీ దగ్గరా ఆగిపోయాను, నవ్వు రాలేదు.

నా ఇబ్బంది ఏంటంటే, గైడ్లలోనూ సీనియర్ల నోట్సులోనూ ఒకే పాట ఉంది. బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధాన్లు, ఆయన చిన్నకూతురు సుబ్బిని కొనుక్కోబోయిన ముసలాడు లుబ్ధావధాన్లు పాత తరం, వాళ్ళు మూఢులు, డబ్బాశ. అవధాన్లు కొడుకు వెంకటేశం, వాడికి చదువు చెప్పే గిరీశం కొత్త తరం, ఇంగ్లీషు చదువు. పాతకీ కొత్తకీ పడలేదు, చివరికి సంస్కరణ గెలిచింది, అయిపోయింది. నేనూ మొదట అదే రాసుకుపోయాను. మేడంకి చూపిస్తే ఆవిడ చదివి ఒకటే అడిగారు, "సరే, పాత తరం పిల్లని అమ్మింది, మరి కొత్త తరం ఆ పిల్లకి ఏం చేసిందో చెప్పు" అని. నా దగ్గర జవాబు లేదు. గిరీశం చేసింది ఏముంది, లేవదీసుకుపోయాడు, అంతకుముందు పూటకూళ్ళమ్మ డబ్బులు కూడా సామాను కొంటానని తీసుకెళ్ళి వేరేగా ఖర్చు పెట్టినవాడే కదా. వెంకటేశం చిన్నవాడు, వాడు గిరీశం చుట్టూ తిరగడం తప్ప ఏమీ చెయ్యడు. సౌజన్యారావు పంతులుగారు మంచివారు, కానీ ఆయన గిరీశాన్ని నమ్మారు, వేశ్య అని మధురవాణిని మాత్రం మొదట మనిషిగానే చూడలేదు.

అలా అని తప్పంతా సమాజానిది అని రాసేస్తే మేడం ఊరుకోరు, అది తప్పించుకోవడం అంటారు. ఒక్క పేరు రాసినా ఊరుకోరు. నాకు కూడా మనసొప్పట్లేదు. ఇందులో తరాల గొడవ అసలు ఎక్కడ ఉంది, ఎవరి తప్పు ఎంత అని ఎలా చూడాలి? నాటకం బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

—

స్టేజిపక్కన:

అమ్మా, ముందు ఒక పని చెయ్యి, నాటకాన్ని కళ్ళతో కాదు, నోటితో చదువు. ఇంట్లో ఎవరినన్నా కూచోబెట్టి చెరో పాత్రా పంచుకుని గట్టిగా చదవండి. గిరీశం మాట పైకి చదివితే వాడి మీద కోపం రాదు, వాడు చెప్పింది వినాలనిపిస్తుంది, అక్కడే ఉంది అసలు సంగతి. 1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం వేశారు, స్టేజి మీద జె.వి. రమణమూర్తిగారి గిరీశం అంటే ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు, జనం అంత ఇష్టపడ్డారు ఆ పాత్రని. అంటే చూసేవాళ్ళం మనం కూడా వెంకటేశం లాగే వాడి వెనకాల నడిచాం అన్నమాట. తప్పెవరిది అన్న లెక్కలో ప్రేక్షకుడిని కూడా ఒక మూల కూచోబెట్టు. బుచ్చమ్మ ఒక్కతే నమ్మి మోసపోయిందని రాస్తే అది ఆ పిల్లకి అన్యాయం, లాయరుగారు సౌజన్యారావు పంతులే నమ్మారు, మనమూ నమ్మాం.

—

పాలమూరు_తెలుగుసార్:

చెల్లే, నీ మేడం మంచి ప్రశ్న అడిగింది. నేను డిగ్రీ కాలేజీల తెలుగు చెప్త, ఈ నాటకం పాఠం చెప్పవట్టి 14 ఏండ్లయితుంది. మా దిక్కు పిల్లలకు ఆ విజయనగరం యాస మొదట్ల అసలు తలకెక్కది, అందుకని నేను ఒక్కొక్క సీన్ తీసుకొని చదివిస్త. గట్ల చదివిచ్చుకుంట పోతే నాకు తెలిసొచ్చింది ఏందంటే, ఇండ్ల తరాల మధ్య కొట్లాట మనం అనుకున్నంత లేదు. ఉన్నట్టు కనిపిస్తది. కొంచెం లోపలికి పోతే ఇద్దరు కలిసే ఉంటరు.

గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం వచ్చిన సీన్ మళ్ల ఒకసారి చూడు. అవధాన్లుకు ఇంగ్లీషు సదువంటే మంట, కొడుకు ఫెయిలయిండు, పైసలు మట్టిల పోసినట్టయింది అని కోపం. గిరీశాన్ని చూస్తనే కస్సుమంటడు. మరి అదే మనిషి కాసేపటికి మెత్తవడ్తడు, ఎందుకు? గిరీశం ఆయన దావాల సంగతి ఎత్తుతడు గనుక. ఇంగ్లీషు వచ్చినోడు కోర్టు పనులకు అక్కరకొస్తడు గనుక. పాత తరానికి కోర్టు కావాలె, కొత్త తరానికి తిండి, నీడ కావాలె, ఇద్దరికీ బేరం కుదిరింది. వేదం చదువుకున్నాయన, షేక్స్పియర్ పేరు చెప్పేటోడు, ఇద్దరూ ఒక్క అరుగు మీద కూసున్నరు. ఆ బేరం కుదిరే ఇంట్లనే బుచ్చమ్మ పని చేసుకుంట ఉన్నది, సుబ్బి ఆడుకుంట ఉన్నది. ఆ ఇద్దరి సంగతి ఈ ఇద్దరు పెద్దమనుషులల్ల ఎవ్వరికీ యాదికి రాలె. తరాల గొడవ గురించి రాయాల్నంటే నువ్వు ఇక్కడ మొదలువెట్టు. గొడవ ఏడ ఆగిపోయిందో చూపెట్టు.

ఇంకొక సీన్ కూడా ఉన్నది, నాకు శాన ఇష్టం. తల్లి వెంకమ్మ అడుగుతది, మా వాడు నువ్వు ఇంగ్లీషుల మాట్లాడుకుంటే వినాల్నని ఉంది అని. గప్పుడు గిరీశం ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్ అంటడు, వెంకటేశం దానికి జవాబు చెప్పినట్టు వాచకంల ముక్క ఒకటి అప్పజెప్తడు, డేరాల తెల్లోడు ఉన్నడు అనేది. ఆమె మురిసిపోతది. క్లాసుల పిల్లలు మస్తు నవ్వుతరు, నవ్వాలె కూడా. నవ్వినంక నేను అడుగుత, ఆ తల్లి ఎందుకు మురిసింది అని. ఆమెకు కొడుకు పెద్ద ఉద్యోగం చేయాల్నని ఆశ. ఆ ఆశ తప్పా? కాదు. మరి కొడుకు సదువు మీద అంత ఆశ పెట్టుకున్న ఇంట్ల బిడ్డ సదువు మాట ఎవరన్న ఎత్తిన్రా? లేదు. వెంకమ్మ కూడా ఎత్తలే. ఆమె మీద నేను నింద వెయ్యట్లే, ఆమె సుబ్బి పెండ్లి ఆపాల్నని ప్రాణం తీసుకోవోయింది, గంత తెగించిన తల్లి. కని ఆమె కండ్లల్ల కూడా సదువంటే కొడుకుదే.

ఇంక గిరీశం మాటలు. "మనవాళ్లుత్త వెధవాయలోయ్" అని అందరం వాడుతం. ఆ మాటలో "మనవాళ్లు" అంటే ఎవరో చూడు చెల్లే. అనేటోడు ఆ మనవాళ్లల్ల లేడు. పక్కకు జరిగి నిలవడి చెయ్యి చూపెడ్తున్నడు. నాటకం మొత్తం గిదే నడుస్తది. అవధాన్లు ఇంగ్లీషు సదువును తిడ్తడు. జిత్తులమారి రామప్పంతులుకు ఎప్పుడూ తప్పు ఇంకొకనిదే. లుబ్ధావధాన్లు, పెండ్లి మెడకు చుట్టుకున్నంక రామప్పంతులు దిక్కు చూస్తడు. నింద ఒకని చేతుల నుంచి ఇంకొకని చేతులకు పోతనే ఉంటది, ఎవ్వని దగ్గర నిలవది. నువ్వు పేపర్ల ఒక పని చెయ్యొచ్చు, ఒక్కో పాత్ర ఎవరిని తిడ్తదో వరుసగ రాసుకో. ఆ జాబితాల బుచ్చమ్మ ఎవరిని తిట్టిందో వెతుకు. తండ్రిని గూడ ఆమె తిట్టది. నాకు గుండె పట్టుకున్నట్టయ్యేది గక్కడ్నే.

—

బొబ్బిలిపిల్ల:

సార్, చాలా చాలా థాంక్స్ అండీ. ఆ దావాల సీన్ నేను రెండుసార్లూ కామెడీ అనుకునే దాటిపోయాను. ఇప్పుడే మళ్ళీ తీసి చూశాను, నిజమే, వాళ్ళిద్దరూ రాజీ పడిపోయారు. స్టేజిపక్కన గారూ, మీరు చెప్పినట్టు మా చెల్లీ నేనూ పైకి చదువుతున్నాం, చెల్లి గిరీశం చదువుతుంటే నాకు నిజంగానే వాడి మాట వినాలనిపిస్తోంది, భయం వేసింది.

ఇంకో డౌట్. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి, మధురవాణి చేసిన పని మంచిదే కదా, సుబ్బి పెళ్ళి ఆపారు. వాళ్ళని బాధ్యత లెక్కలో ఎక్కడ పెట్టాలి?

—

విజీనారం_రిటైర్డ్‌మాస్టారు:

అమ్మాయీ, నీ ప్రశ్న రాత్రి చూశాను, తెల్లవారుజామున లేచి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ఈ నాటకంలో వేషం వేశానమ్మా. 1968, నాకు 14 ఏళ్ళు. మా వీధి కుర్రాళ్ళూ పెద్దలూ కలిసి వేసిన నాటకం. గొంతు ఇంకా పగల్లేదని నాకు శిష్యుడి వేషం ఇచ్చారు, అదే, కరటకశాస్త్రి ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు చూడు, ఆ శిష్యుడు. మా అత్తయ్య తన పట్టు పరికిణీ తెచ్చి పిన్నీసులు పెట్టి కట్టింది, సవరం పెట్టి జడ వేసింది, కాటుక దిద్దింది. లుబ్ధావధాన్లు వేసినాయన పోస్టాఫీసులో పనిచేసేవారు, చాలా మంచి మనిషి, రిహార్సల్‌కి వచ్చినప్పుడల్లా నాకు బిళ్ళలు తెచ్చేవారు. పెళ్ళయినట్టు తెలియడానికి నా మెడలో పసుపుతాడు ఉండాలి కదా, అక్కడ పేచీ వచ్చింది. మగపిల్లాడి మెడలో ఉత్తుత్తికైనా తాడు వెయ్యకూడదు, దోషం అని మా నాయనమ్మ ఒప్పుకోలేదు. నాటకం వేసే పెద్దలు కూడా గట్టిగా ఏమీ అనలేకపోయారు. చివరికి పూలదండ ఒకటి వేసి సరిపెట్టారు.

మా ఇంట్లో మా నాయనమ్మ అక్కగారు ఉండేవారు. ఆవిడకి ఆరేళ్ళప్పుడు పెళ్ళి చేశారు, తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. ఆయన మొహం కూడా గుర్తులేదని చెప్పేవారు. నాకు తెలిసేనాటికి 70 దాటిన మనిషి, తెల్లచీర, తల మీద ముసుగు, వంటింట్లో ఒక మూల ఆవిడ మడి పీట. ఉత్తుత్తి తాడుకి అంత భయపడ్డ ఇల్లే అమ్మాయీ ఆవిడది కూడా.

నాటకం రోజున ఆవిడ వచ్చారు. ఆవిడ బయటికి రావడమే గొప్ప. ఆడవాళ్ళ వైపు స్తంభానికి ఆనుకుని కూచున్నారు. నేను ముసలి మొగుడి ఇంట్లో ఉన్న సీనుకి జనం గోల గోల, ఈలలు, ఒకటే నవ్వులు. నేను అటు చూశాను, ఆవిడ నవ్వలేదు. కథలో శిష్యుడు ఆడవేషం విప్పేసి పారిపోతాడు కదా. ఇంటికొచ్చాక కాటుక కడుక్కుంటూ నూతి దగ్గర ఉన్నాను, ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి ఇచ్చి, "నువ్వు పారిపోగలిగావురా నాయనా" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు, వేషం బాగుందని మెచ్చుకున్నారు అనుకున్నాను. ఇరవయ్యేళ్ళ తరవాత క్లాసులో ఈ పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయి బయటికొచ్చేశాను.

ఇప్పుడు నీ డౌటు. కరటకశాస్త్రి ఉపాయం పారింది ఎందుకంటే అతను పంపింది ఆడపిల్లని కాదు గనక. వేషం విప్పేస్తే మగపిల్లాడు, ఎక్కడికైనా పోతాడు. మేనకోడల్ని కాపాడాడు, సందేహం లేదు, దానికి దణ్ణం పెట్టాలి. కానీ తరవాత చూడు, పెళ్ళికూతురు మాయమైపోయేసరికి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది. ముసలాడు పిసినారి, మూర్ఖుడు, చిన్నపిల్లని కొనుక్కోబోయాడు, అన్నీ నిజమే, కానీ ఖూనీ చెయ్యలేదు. చెయ్యని నేరానికి ఉరికంబం దాకా వెళ్తున్నాడని తెలిసీ కరటకశాస్త్రి ముందుకొచ్చి నిజం చెప్పడానికి వెనకాడాడు, భయం. అక్కడ బాధ్యత తీసుకున్నది మధురవాణి. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులుగారి దగ్గరికి వెళ్ళింది. అందరూ వేశ్య అని వేలు చూపించే మనిషి, ఎవరి పాపమూ తన మీదికి రాకుండా హాయిగా ఇంట్లో కూచోవచ్చు, అయినా వెళ్ళింది. నిజం చెప్పాలంటే ముద్దివ్వాలని పందెం పెట్టింది, పంతులుగారు ఒక మనిషి ప్రాణం కోసం తన నియమం వదులుకోవడానికి సిద్ధపడ్డారు, అప్పుడు ఆవిడే వద్దంది, చెడనివారిని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అంది. చూశావా, ఈ నాటకంలో పెద్దల మాట విని నిలబెట్టిన బిడ్డ ఒక్కతే, ఆ తల్లి కూడా వేశ్యే. తరాలు అని నీ టాపిక్‌లో ఉంది కదా, ఈ తల్లీకూతుళ్ళ తరం గురించి ఏ గైడులోనూ ఉండదు, నువ్వు రాయి.

మొదటి కూర్పుకీ రెండోదానికీ తేడా కూడా ఒక మాట. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, అందులో అయిదంకాలే. 1909 నాటికి ఏడంకాలైంది, పెరిగినదాంట్లో మధురవాణి వాటా చాలా ఉంది. పదిహేనేళ్ళు పైగా ఆ నాటకాన్ని దగ్గర పెట్టుకుని ఆయన పెంచిన మనిషి ఆవిడ.

ఇక తప్పంతా అవధాన్లుదేనా అంటే, నువ్వు మొదటి కూర్పుకి గురజాడవారు ఇంగ్లీషులో రాసిన పీఠిక తప్పకుండా చదవాలి. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు, మూడేళ్ళకి 1034 తేలాయి, అంటే సగటున ఏడాదికి 344. వాటిలో పెళ్ళికూతురి వయసు అయిదేళ్ళున్నవి 99. ఏడాది పిల్లలు ముగ్గురు, ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరుగుతాయని రాశారాయన. మూడేళ్ళలో వెయ్యి పైచిలుకు తండ్రులు, వెయ్యి పైచిలుకు పెళ్ళికొడుకులు, పెళ్ళి చేయించిన పురోహితులు, భోజనాలకొచ్చిన ఊళ్ళు. అగ్నిహోత్రావధాన్లు వాళ్ళలో ఒకడు. సుబ్బికి కుదిర్చిన పద్ధెనిమిది వందలు ఆయన ఇంట్లో పుట్టిన ధర కాదు, బజారు ధర. పైగా శుల్కం ఉన్న చోట కొడుక్కి పెళ్ళి చెయ్యాలన్నా పిల్లనిచ్చేవాడికి డబ్బు పొయ్యాలి, ఆ డబ్బు ఎక్కడినించి వస్తుంది, కూతురి మీద వచ్చిందే. ఒక ఇంటి ఆడపిల్ల ఇంకో ఇంటి ఆడపిల్లకి వెల అయిపోయింది.

—

గోదారొడ్డు:

మాస్టారూ, మీ పెద్దావిడ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశానండి. కానీ చివరి పేరా దగ్గర నాకు కొంచెం అడ్డం తగలాలనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి.

వెయ్యిమంది చేశారు కాబట్టి అవధాన్లు వాళ్ళలో ఒకడు అంటే, ఈ పిల్ల పేపర్లో ఆయన తేలిగ్గా తప్పించుకుపోతాడండి. ఆయనకి తెలీక చేశాడా? ఇంట్లో పెద్దకూతురు విధవగా కూచుని ఉంది, రోజూ కళ్ళెదురుగా తిరుగుతోంది. ఒకసారి చేసి చూశాడు, ఏమైందో చూశాడు, మళ్ళీ రెండోదానికి అదే చేస్తున్నాడు. భార్య వద్దంది, ప్రాణం తీసుకోబోయింది. బావమరిది వద్దన్నాడు. అంతమంది వద్దన్నాక ఆయన అన్న మాటే కదండీ "తాంబూలాలిచ్చేశాను, యిక తన్నుకు చావండి". ఆ మాట మనం ఇప్పుడు సరదాగా వాడేస్తున్నాం, ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, ఎక్కడపడితే అక్కడ. కానీ అక్కడ పెట్టి వినండి ఒకసారి, అది చేతిలో పగ్గాలున్నవాడు మాట్లాడిన మాట. ఆచారం అలా ఉంది నేనేం చెయ్యను అనట్లేదు ఆయన. నేను ఇచ్చేశాను అంటున్నాడు. ఇంకో దారి లేని కాలం కూడా కాదది, 1856లోనే వితంతు వివాహానికి చట్టం వచ్చింది, మా రాజమండ్రిలో 1881 డిసెంబర్లో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు, నాటకం ఆడేనాటికి పదేళ్ళు దాటిపోయింది. సంగతి ఊరూరా తెలుసు, నాటకంలోనే తెలుసు, గిరీశం చెప్పే కబుర్లన్నీ అవే కదా.

లోకం తప్పు లోకానిది, ఆయన తప్పు ఆయనది, రెండూ విడివిడిగా రాయమని నా మనవి. లోకం పెద్దదని తండ్రి చిన్నవాడు అయిపోకూడదు.

గిరీశం తప్పు కూడా వేరేగానే రాయాలండి. అవధాన్లు చేసింది అందరికీ తప్పని తెలుస్తుంది. గిరీశం ఒక మంచి మాటని ఎత్తుకుపోయి వాడుకున్నాడు. వితంతు వివాహం అన్న మాట కోసం వీరేశలింగంగారి లాంటివాళ్ళు వెలి భరించారు, తిట్లు తిన్నారు, వీడు అదే మాట బుచ్చమ్మ వినేటట్టు వెంకటేశంతో చెప్తూ వల వేశాడు. ఆ పిల్ల జన్మలో విన్న మొదటి మంచి మాట అది అయ్యుంటుంది, నువ్వూ మనిషివే, నీకూ బతుకుంది అని. అది కూడా అబద్ధం నోటితో విన్నది. నాకు అవధాన్లు మీద కంటే అక్కడ ఎక్కువ కడుపు మండుతుంది.

—

విజీనారం_రిటైర్డ్‌మాస్టారు:

నాయనా గోదారొడ్డూ, నువ్వన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. మా పెద్దావిడ తండ్రి గురించి మా ఇంట్లో ఎప్పుడూ "ఆ రోజులు అలాంటివి" అనే చెప్పుకున్నాం. ఆవిడ మాత్రం ఎప్పుడూ అలా అనగా నేను వినలేదు.

—

పాలమూరు_తెలుగుసార్:

గోదారన్న మాటకు ఒకటి కలుపుత. చెల్లే, మీనాక్షిని మర్చిపోకు. లుబ్ధావధాన్లు బిడ్డ, ఆమె గూడ విధవనే. బుచ్చమ్మ ఏడ్వకుండ భరించింది కాబట్టి మనకు పాపం అనిపిస్తది, మీనాక్షి రామప్పంతులును నమ్మి చెడ్డపేరు తెచ్చుకుంది కాబట్టి క్లాసుల ఎవ్వరూ పాపం అనరు. ఇద్దరికీ జరిగింది ఒక్కటే. తండ్రి తను ముసలితనంల చిన్నపిల్లను చేసుకోవచ్చు, అదే ఇంట్ల బిడ్డ మాత్రం మళ్ల పెండ్లి చేసుకోవద్దు. తరాల మధ్య అసలు అన్యాయం నాకు ఈ ఇంట్లనే కొట్టొచ్చినట్టు కనవడ్తది. మంచి విధవ, చెడ్డ విధవ అని పంచి రాయకు.

—

బొబ్బిలిపిల్ల:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మాస్టారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను, అమ్మ ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి వచ్చి మళ్ళీ చదవమంది.

రాసినదంతా తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. మొదలు తాంబూలాల మాటతో పెట్టాను, గోదారొడ్డుగారు చెప్పినట్టు ఆ తండ్రి తప్పు ఆయన పేరు మీదే రాశాను. తరవాత అరుగు మీద బేరం. తరవాత గిరీశం. మీనాక్షి గురించి నేను అసలు ఏమీ రాయలేదు సార్, సిగ్గేసింది, ఇప్పుడు రెండు పేజీలు రాశాను. మధురవాణి వాళ్ళమ్మ మాట చివర్లో ఉంటుంది.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. చివర్లో సౌజన్యారావు పంతులుగారు బుచ్చమ్మని పూనా విడోస్ హోమ్‌కి పంపిస్తానంటారు. సంతోషంగానే ఉంది, చదువుకుంటుంది, బతుకుతుంది. కానీ అది కూడా ఇంకొకరు తీసుకున్న నిర్ణయమే కదా? మొదట తండ్రి, తరవాత గిరీశం, ఇప్పుడు పంతులుగారు. ఇలా రాస్తే ఆయన్ని కూడా వాళ్ళతో కలిపేసినట్టు అవుతుందా?

—

విజీనారం_రిటైర్డ్‌మాస్టారు:

కలపకమ్మా. ఆ హోమ్ 1896లో కార్వే పెట్టినది, తనే ఒక వితంతువుని పెళ్ళి చేసుకున్న మనిషి. అక్కడ ఆడపిల్లలకి చదువు చెప్పేవారు, తమ కాళ్ళ మీద నిలబడేట్టు చేసేవారు. తండ్రి పంపింది ముసలాడి ఇంటికి, గిరీశం తీసుకెళ్ళింది తన అవసరానికి, పంతులుగారు పంపుతున్నది బడికి. పంపిన చోటు వేరైతే పంపడమూ వేరే అవుతుంది, అది రాయి.

అది రాశాక నీ అనుమానం కూడా అలాగే రాయి, కొట్టెయ్యకు. నాటకంలో చివరి మాట గిరీశానిదే, "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అని. తన కథ అనుకుంటున్నాడు వాడు. బుచ్చమ్మ బండెక్కడం మనకి కనపడదు, వెళ్తానందో లేదో వినపడదు. మీ క్లాసులో వాళ్ళని అడుగు, ఆ పిల్ల ఏమంటుందో తలా ఒక వాక్యం రాయమను. నేను ప్రతి ఏడూ రాయించేవాణ్ణి. ఒక ఏడాది ఒక పిల్ల, "సుబ్బిని కూడా తీసుకెళ్ళొచ్చా అండీ" అని రాసింది. ఆ కాయితం నా దగ్గర ఇంకా ఉంది.

సోమవారం అయ్యాక ఎలా జరిగిందో ఇక్కడ రాయమ్మా, చూస్తూ ఉంటాను.